ముట్టడి అర్థం కావాలంటే ఏ కోటకు వెళ్లాలి? గోల్కొండ, వరంగల్, దౌలతాబాద్, ఇంకొన్ని

కోట చూడ్డానికి ఎక్కడికి వెళ్దామని అడిగితే మనవాళ్లు టక్కున చెప్పే జవాబులు కొన్ని ఉన్నాయి. ఫొటోలకైతే గండికోట, పిల్లలతో అయితే గోల్కొండ, కాళ్లకు పని చెప్పాలంటే భువనగిరి. ఇవి మంచి సలహాలే. కానీ కోట కట్టింది యుద్ధానికి. శత్రువు వచ్చి చుట్టూ గుడారాలు వేసుకుని కూర్చుంటే నెలల తరబడి తట్టుకోవాలని కట్టారు. ఆ గోడ అంత మందంగా ఎందుకుంది, గుమ్మం ముందు దారి ఎందుకు మెలికలు తిరిగింది, ఇంత బలమైన కోట చివరికి ఎలా పడిపోయింది అని తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఈ సలహాలు సరిపోవు. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్క కోటకే టైం ఉంటే గోల్కొండ. అయితే కొండెక్కి దిగి వచ్చేస్తే చాలదు, బయటి గోడ వెంట తిరగాలి. రెండు రోజులుంటే ముందు వరంగల్, తర్వాత గోల్కొండ, అదే వరసలో. పక్క రాష్ట్రం వెళ్లడానికి ఓపిక, సెలవు ఉంటే దౌలతాబాద్. బీదర్, రాయచూర్, గుత్తి, గండికోట, కొండవీడు, ఉదయగిరి అన్నవి ముట్టడిలో మీకు ఏ సంగతి మీద ఆసక్తి ఉందో దాన్ని బట్టి ఎంచుకోవాల్సినవి.

బయల్దేరే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. కోటను పట్టుకోవడానికి ఉన్న దారులు ఐదే. రాత్రిపూట నిచ్చెనలు వేసి గోడ ఎక్కడం ఒకటి. రాళ్లు విసిరే యంత్రాలతోనో ఫిరంగులతోనో గోడ పడగొట్టడం రెండోది. గోడ కిందికి సొరంగం తవ్వి తుపాకిమందు దట్టించి పేల్చడం మూడోది. దారులన్నీ మూసేసి, లోపల తిండీ నీళ్లూ అయిపోయేదాకా కాచుకుని కూర్చోవడం నాలుగోది. లోపలి మనిషిని కొనేసి తలుపు తీయించుకోవడం ఐదోది. ఏ కోట దగ్గర వీటిలో ఏది ఫలించింది, ఏది బెడిసికొట్టింది అన్నది తెలుసుకుని వెళ్తే అక్కడ ఎక్కడ నిలబడి ఏం చూడాలో మీకే తెలిసిపోతుంది.

ముందు వరంగల్ ఎందుకు?

ఇది ఫిరంగులు రాకముందు కట్టిన కోట కాబట్టి. గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను రుద్రమదేవి పూర్తిచేసింది. చాలామంది ఆటో దిగి, కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి, ఖుష్ మహల్ చూసుకుని వెళ్లిపోతారు. ముట్టడి చూడాలనుకునేవాళ్లకు అసలు సరుకు ఆ శిల్పాలకు దూరంగా, చుట్టూ ఉన్న వలయాల్లో ఉంది. లోపలిది రాతిగోడ. 45 బురుజులు, దాని ముందు కందకం. ఇంకా బయటికి వెళ్తే మట్టికోట, దానికీ ఓ కందకం. ఈ మట్టికోట అడ్డకొలతే దాదాపు రెండున్నర కిలోమీటర్లు ఉంటుంది. బయల్దేరే ముందు ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూలో వరంగల్ కోటను చూడండి. ఆ గుండ్రటి గీతలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. నేల మీద నడుస్తున్నప్పుడు అర్థంకాని ఆకారం అలా చూస్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

మట్టికోట అనగానే అదేదో పేదవాళ్ల ఏర్పాటు అనుకుంటాం. రాళ్లు విసిరే యంత్రాల కాలంలో మట్టే మేలు. పెద్ద బండ వచ్చి రాతిగోడకు తగిలితే రాయి పగులుతుంది, అతుకు కదులుతుంది. కొట్టి గట్టిపరిచిన మట్టికట్ట ఆ దెబ్బను మింగేస్తుంది. 1310లో అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫుర్ ఈ కోటను ముట్టడించినప్పుడు జరిగింది అదే. యంత్రాలు విసిరిన గుండ్లు ఈ గోడకు తగిలి, పిల్లలు ఆడుకునే కాయల్లా వెనక్కి ఎగిరిపడేవని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. శత్రుపక్షంలో ఉన్న మనిషి ఇచ్చిన సర్టిఫికెట్ అది. చివరికి ఢిల్లీ సేన కందకాన్ని మట్టితో పూడ్చి, మట్టికోటలో ఓ చోట గండి కొట్టి, కొంత భాగం పట్టుకుంది. లోపలి రాతికోట ఇంకా నిలిచే ఉంది. ప్రతాపరుద్రుడు అక్కడ ఆగి, ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు.

పదేళ్లు దాటాక ఉలూఘ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, వచ్చాడు. మొదటిసారి నెలల తరబడి ముట్టడించాక ఢిల్లీ నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. సుల్తాన్ చనిపోయాడని సైన్యంలో పుకారు లేచింది. సర్దార్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ముట్టడి మొత్తం ఆ ఒక్క పుకారుతో చెదిరిపోయింది. కోటలో ఉన్నవాళ్లకే కాదు, బయట కూర్చున్నవాళ్లకూ టెన్షన్ తక్కువేం కాదని ఇది చెబుతుంది. దూరదేశంలో, వానలో బురదలో, ఇంటి కబురు లేకుండా నెలలు గడపాలి. 1323లో రెండోసారి వచ్చినప్పుడు కోట పడింది. ప్రతాపరుద్రుణ్ని బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలో నర్మద దగ్గర ఆయన ప్రాణాలు పోయాయి.

అక్కడ చూడాల్సింది ముఖ్యంగా రెండు. మొదటిది గుమ్మం. రాతికోట గుమ్మంలోకి నేరుగా వెళ్లలేం. ముందు ఓ ఆవరణలోకి వచ్చి, పక్కకు తిరిగి, మళ్లీ తిరిగితే గానీ లోపలి తలుపు ఎదురుకాదు. ఏనుగును పరుగెత్తించి తలుపు పగలగొట్టాలంటే దానికి తిన్నని దారి కావాలి. ఆ తిన్నని దారి ఇక్కడ దొరకదు. ఆ మలుపులో చిక్కుకున్నవాడి మీద మూడు వైపుల నుంచీ బాణాలు పడతాయి. ఇప్పటికీ ఊళ్లోకి వెళ్లే బండ్లు అక్కడ స్పీడ్ తగ్గించాల్సిందే. కాసేపు పక్కన నిలబడి వాటిని గమనించండి. రెండోది రాతిగోడ లోపలి వైపు. బయటి నుంచి నిటారుగా కనిపించే గోడకు లోపల మట్టి వాలు, దాని పొడవునా రాతి మెట్లు ఉన్నాయి. ఎక్కడ శత్రువు నిచ్చెన వేస్తే అక్కడికి లోపలి సైనికుడు ఏ మూల నుంచైనా పరుగున ఎక్కిపోవడానికి అనువుగా కట్టారు. గుమ్మాలకు కాకతీయుల తర్వాతి కాలంలో చేర్పులు జరిగాయి కాబట్టి చూసే ప్రతి రాయీ రుద్రమదేవి నాటిదే అనుకోకండి.

గోల్కొండ: ఎనిమిది నెలలు నిలిచిన కోట

వరంగల్ చూసి వస్తే గోల్కొండ వేరేగా కనిపిస్తుంది. మధ్యలో మూడున్నర శతాబ్దాలు గడిచాయి, ఫిరంగి వచ్చింది. బయటి గోడకు 87 బురుజులు. బురుజుల మీద ఫిరంగులు పెట్టడానికి వీలుగా వెడల్పాటి జాగా ఉంది. పేర్చిన రాళ్లలో కొన్ని టన్నుకు పైగా బరువుంటాయి.

ఔరంగజేబు ఈ కోట మీదికి రెండుసార్లు వచ్చాడు. 1656లో యువరాజుగా వచ్చి ముట్టడించి, తండ్రి షాజహాన్ ఆజ్ఞతో వెనక్కి మళ్లాడు. ఆ ముట్టడిలో కోటకున్న ఓ లోపం బయటపడింది. గోడ బయట ఉన్న ఎత్తు నుంచి లోపలికి గురిపెట్టే వీలుంది. అబ్దుల్లా కుతుబ్ షా ఆ ఎత్తును కూడా గోడ కట్టి కోటలో కలిపేసుకున్నాడు. అదే నయా ఖిల్లా. గోల్కొండలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఒక ముట్టడి నేర్పిన పాఠం తర్వాతి ముట్టడి నాటికి గోడగా మారి నిలబడి ఉండటం ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ. పక్కనే గోల్ఫ్ కోర్స్ ఉంది కాబట్టి లోపలికి ఎటు నుంచి, ఏ టైంలో వెళ్లనిస్తారో అక్కడి కాపలావాళ్లను అడిగి వెళ్లడం మంచిది. లోపల ఉన్న బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. చెట్టు చూశాక గోడ దగ్గరికి నడవండి.

1687 జనవరి చివర్లో ఔరంగజేబు బాద్షాగా మళ్లీ వచ్చాడు. అప్పుడు గోల్కొండను ఏలుతున్నది అబుల్ హసన్ తానాషా, భక్త రామదాసు కథలో మనందరికీ తెలిసిన తానీషా. ముందు చెప్పిన ఐదు దారులూ మొఘలులు ఇక్కడ వరసగా ప్రయత్నించారు. అందుకే ఒక్క కోటకే టైం ఉంటే గోల్కొండ అంటున్నాను.

మే నెలలో ఓ రాత్రి మొఘల్ సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు చప్పుడు చేయకుండా గోడకు నిచ్చెనలు వేశారు. కొందరు పైకి ఎక్కేశారు కూడా. అంతలో గోడ మీద తిరుగుతున్న ఓ వీధి కుక్క మొరిగింది. కాపలావాళ్లు లేచారు, నిచ్చెనలు కిందికి తోసేశారు. తానాషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించి, బిరుదిచ్చి, తన దగ్గర ఉంచుకున్నాడని మొఘల్ చరిత్రకారులే రాశారు.

కందకం పూడ్చడానికి సంచుల్లో మట్టి నింపి వేయాలి. మొదటి సంచిని ఔరంగజేబు వజూ చేసుకుని, అంటే నమాజుకు ముందులా కాళ్లూ చేతులూ కడుక్కుని, తన చేత్తో స్వయంగా కుట్టాడట. ఆ పని ఎంత కష్టమైతే బాద్షా అలా చేసి సైన్యానికి ఉత్సాహం ఇవ్వాల్సి వచ్చిందో ఆలోచించండి. సంచులు వేసేవాళ్ల మీద గోడ పైనుంచి తుపాకులు, ఫిరంగులు, మందు దట్టించిన కుండలు ఆగకుండా పడుతూనే ఉన్నాయి.

తర్వాత సొరంగాలు. జూన్‌లో మూడు చోట్ల బురుజుల కిందికి తవ్వి మందు దట్టించారు. లోపలివాళ్లు ఆ చప్పుడు కనిపెట్టి, ఎదురు సొరంగం తవ్వి, మందులో కొంత తీసేసి, మిగిలినదాన్ని నీళ్లతో తడిపేశారు. మొఘలులు నిప్పంటించగానే పేలుడు లోపలికి బదులు వెనక్కి తన్నింది. కోట మీదికి ఉరకడానికి కందకం దగ్గర కాచుకుని ఉన్న సొంత సైనికులే వందల మంది ఆ రాళ్ల కింద చనిపోయారు. దానికి తోడు వానలు. వాగులు పొంగాయి, మంజీర దాటి ధాన్యం రావడం ఆగిపోయింది. కరువు, రోగాలు. ముట్టడించినవాళ్లే ఆకలితో అలమటించారు. కోటలో ధాన్యం, మందుగుండు ఇంకా మిగిలే ఉన్నాయి.

చివరికి ఐదో దారి. సెప్టెంబర్ 21 తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పన్ని అనే సర్దారు చిన్న దిడ్డివాకిలి తెరిచి మొఘలులను లోపలికి రానిచ్చాడు. తానాషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడే గుర్రమెక్కి ఎదురెళ్లి, ఒళ్లంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. స్పృహ తప్పి పడి ఉన్న ఆయనకు వైద్యం చేయించమని శత్రువైన ఔరంగజేబే హకీములను పంపాడు. గెలిచిన మొఘల్ సేన ప్రవేశించిందని చెప్పే పెద్ద గుమ్మమే ఫతే దర్వాజా. ఇవాళ దాని కింద నుంచి బైకులు, ఆటోలు పోతుంటాయి. కాస్త పక్కకు ఆగి తలుపులకు దిగ్గొట్టిన ఇనుప మేకులు చూడండి. అవి ఏనుగు నుదుటి కోసం.

నా సలహా ఇలా. పొద్దున్నే ఫతే దర్వాజాతో మొదలుపెట్టండి. తర్వాత నయా ఖిల్లా, పెట్ల బురుజు. దాని మీద ఫతే రహ్బర్ ఫిరంగి ఉంది. మొఘల్ ఫిరంగి కోట బురుజు మీదికి చేరిందంటే ఆ యుద్ధం ఎలా ముగిసిందో అక్కడే తెలిసిపోతుంది. అవన్నీ అయ్యాకే బాలా హిస్సార్, అంటే కొండ మీది లోపలి కోట. గుమ్మం ముందు అడ్డంగా కట్టిన తెరగోడను వరంగల్ మలుపుతో పోల్చి చూసుకోండి. అదే ఆలోచన, తక్కువ జాగాలో. చప్పట్లు కొట్టి పైన వినిపిస్తుందా అని పరీక్షించే చోటు కూడా ఇక్కడే. గుమ్మం దగ్గరి కబురు కొండపైకి క్షణంలో చేరాలన్న అవసరం అందులో ఉంది. ఎక్కేటప్పుడు పక్కన మట్టి గొట్టాల ఆనవాళ్లు గమనించండి. నీళ్లు పైకి ఎక్కించిన ఏర్పాటు అది. అది లేకపోతే ఎనిమిది నెలలు ఎవరూ నిలవలేరు.

దౌలతాబాద్: గోడ అక్కర్లేని కోట

తానాషాను బందీగా తీసుకెళ్లి ఉంచింది దౌలతాబాద్‌లోనే. చీనీ మహల్ అనే ఆ కట్టడం ఇప్పటికీ ఉంది. గోల్కొండ చూసినవాళ్లకు అక్కడ నిలబడితే గుండె బరువెక్కుతుంది. యాదవుల దేవగిరే దౌలతాబాద్ అయింది. ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) పక్కనే, ఎల్లోరా వెళ్లే దారిలో. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దునకి దిగొచ్చు. ఎల్లోరాతో కలిపితే ప్రయాణ ఖర్చు గిట్టుబాటవుతుంది.

కోట నిర్మాణం ఒక్కటే కొలమానమైతే నేను దీన్నే అన్నిటికంటే పైన పెడతాను. కొండ చుట్టూ రాతిని నిలువునా చెక్కేసి, ఏ నిచ్చెనా అందనంత ఎత్తు గోడలా మార్చారు. దాని పాదం చుట్టూ రాతిలోనే తొలిచిన కందకం. దాన్ని దాటడానికి సన్నని వంతెన ఒక్కటే. అది దాటితే కొండ లోపల చీకటి దారి, అందరూ అంధేరీ అంటారు. మెలికలు తిరిగే మెట్లు, వెలుతురు లేదు, గబ్బిలాలు. పై చివర ఇనుప పలకతో మూసి, నిప్పు రాజేసి, పొగతో నింపేస్తే లోపలికి వచ్చినవాడు తిరిగి వెళ్లడు. టార్చి వేసుకుని నడవండి, మధ్యలో ఒక్కసారి ఆర్పి చూడండి. శత్రుసైనికుడి స్థితి చదివితే తెలిసేది కాదు.

ఇంత కోటా పడింది. 1296లో అల్లావుద్దీన్ హఠాత్తుగా వచ్చేసరికి సైన్యం రాజు రామచంద్రుడి కొడుకు వెంట వేరే చోట ఉంది. హడావుడిగా కోటలోకి చేర్చిన మూటల్లో ధాన్యం బదులు ఉప్పు ఉందని తేలిందని చెబుతారు. 1633లో మొఘల్ సేనాని మహబత్ ఖాన్ కింది ప్రాకారాలను మందుపాతరలతో పేల్చుకుంటూ ఒక్కోటీ దాటాడు. పై కొండను మాత్రం ఎవరూ ఎక్కలేదు. ఆకలే దాన్ని దించింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చాంద్ మీనార్, గుమ్మాల వరుస, కందకం వంతెన దాకా వెళ్లి ఆగిపోయినా ముట్టడి సంగతి ముప్పాతిక వంతు చూసినట్టే.

బీదరా, రాయచూరా?

హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలంటే బీదర్. దారి బాగుంటుంది, దూరం సుమారు నూట నలభై కిలోమీటర్లు. ఇక్కడ చూడాల్సింది కందకం. ఓ వైపు రాతిని తొలిచి మూడు వరసల కందకం చేశారు, వరసల మధ్య రాతి గట్లు వదిలేశారు. గట్టు దాటితే మళ్లీ గొయ్యి, మళ్లీ గట్టు. పైనుంచి చూస్తే, ఒక వరస పూడ్చినవాడికి ఇంకో రెండు మిగిలాయన్న సంగతి వెంటనే తడుతుంది. అయినా 1657లో ఔరంగజేబు దీన్ని 27 రోజుల్లో పట్టుకున్నాడు. బురుజు వెనక దాచిన మందుగుండు మీద నిప్పురవ్వ పడి పేలింది. కోటను కాపాడుతున్న సిద్ది మర్జాన్ ఆ పేలుడులో తీవ్రంగా గాయపడి చనిపోయాడు. గోల్కొండ ఎనిమిది నెలలు, బీదర్ 27 రోజులు. రెండూ ఒక వారంలో చూస్తే కందకం వెనక మందు ఎక్కడ దాచారన్నదీ గోడంత ముఖ్యమని తెలుస్తుంది.

రాయచూర్‌లో చూడ్డానికి మిగిలింది బీదర్ అంత ఉండదు. ఊరు గోడల్ని చాలాచోట్ల మింగేసింది. అయినా తెలుగువాళ్లు వెళ్లాల్సిన చోటు. గోన గన్నారెడ్డి సేనాని విఠలుడు 1294లో ఈ గోడ కట్టించినట్టు చెప్పే తెలుగు శాసనం నలభై అడుగులకు పైగా పొడవున్న ఒకే రాతి మీద ఉంది. ఆ రాయిని బండి మీద ఎలా లాగారో గోడ మీదే బొమ్మ గీసి పెట్టారు.

ఇక్కడి 1520 ముట్టడి కృష్ణదేవరాయలది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన వివరం ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుండిపోతుంది. సైనికులు గోడ నుంచి ఊడదీసి తెచ్చిన ప్రతి రాయికీ దాని సైజును బట్టి రాయల సర్దార్లు డబ్బులిచ్చి కొన్నారట. పెద్ద రాయికి ఎక్కువ, చిన్నదానికి తక్కువ. ముట్టడి కూలిపని అన్న సంగతి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. అంతలో కోటను విడిపించడానికి బీజాపూర్ సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్ షా సైన్యంతో కృష్ణ దాటి వచ్చాడు. రాయలు ముట్టడి పక్కన పెట్టి వెళ్లి మే 19న ఆ సైన్యాన్ని ఓడించి, మళ్లీ కోట దగ్గరికి వచ్చాడు. తర్వాత పోర్చుగీసు తుపాకీవాళ్లు గోడ మీద తల ఎత్తినవాణ్ని ఎత్తినట్టే కాల్చారు. ఏం జరుగుతోందో చూడ్డానికి వంగిన కోట అధిపతి నుదుటికి గుండు తగిలింది. దాంతో కోట లొంగిపోయింది. చదువుకుని వెళ్తేనే రాయచూర్ బాగుంటుంది. ఊరికే చూసి వద్దామనుకునేవాళ్లు బీదర్‌కే వెళ్లండి.

కొండకోటలు

గండికోట గురించి మొహమాటం లేకుండా చెబుతాను. పెన్నా లోయ అందం కోసం, జామా మసీదు, మాధవరాయ ఆలయం, ధాన్యపు కొట్టు కోసం తప్పక వెళ్లండి. ముట్టడి నేర్చుకోవడానికి మాత్రం ఇది మొదటి ఎంపిక కాదు. ఓ పక్క లోయే గోడ కావడంతో దాడికి మిగిలే దారి ఒక్క వైపే. పెమ్మసాని నాయకుల చేతి నుంచి 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని గెలుచుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆయన్ని ఇక్కడే కలిశాడు. ధాన్యపు కొట్టు ముందు నిలబడి, ఇందులో పట్టే గింజలతో ఎంతమంది ఎన్ని నెలలు బతకొచ్చో మనసులో లెక్క వేసుకోండి. ఈ కోటలో ముట్టడి గురించి ఆలోచించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

గుత్తి దీనికి సరిగ్గా జోడీ. తాడిపత్రి మీదుగా రెండూ ఓ వీకెండ్‌లో కలపొచ్చు. గుత్తి పాఠం నీళ్లు. మరాఠా సర్దారు మురారిరావు కోటను హైదర్ అలీ ముట్టడించినప్పుడు గోడలు పడలేదు. 1776లో నీళ్లు అడుగంటి కోట లొంగింది. ఎక్కుతూ దారిలో కనిపించే నూతులు, దొనలు ఒక్కోటీ ఆగి చూడండి. మీ చేతిలో సీసా సగానికి వచ్చేసరికి ఆ ముట్టడి మీ గొంతుకే తెలుస్తుంది. ఎండాకాలం మాత్రం వద్దు. నల్లరాయి కాలిపోతుంది, నీడ ఉండదు.

ఉదయగిరి, కొండవీడు రెండూ కృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుతో చేసిన యుద్ధాలవి. ఉదయగిరి ముట్టడి దాదాపు ఏడాదిన్నర పట్టింది. బండలు పగలగొట్టి సైన్యానికి, ఏనుగులకు దారి వేయించాల్సి వచ్చింది. 1514లో కోట లొంగాక అక్కడి బాలకృష్ణుణ్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు రాయలు. 1515లో కొండవీడు పడింది, గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. ఎంపిక తేలిక. పెద్దవాళ్లు ఉంటే కొండవీడు, ఘాట్ రోడ్డు ఉంది, కారులో పైదాకా వెళ్లొచ్చు. ఏడాదిన్నర ఎందుకు పట్టిందో ఒళ్లు నొప్పులతో తెలుసుకోవాలంటే ఉదయగిరి. పొద్దున చీకటితో ఎక్కాలి, నీళ్లు మోసుకెళ్లాలి, ఒంటరిగా వెళ్లొద్దు, దారి తెలిసిన ఊరివాళ్లను వెంట పెట్టుకోండి.

బొబ్బిలి పేరు చెప్పకపోతే కోపం వచ్చేవాళ్లు ఉంటారు. 1757 జనవరి 24 నాటి ఆ పోరాటం గుండెను పిండేస్తుంది. కానీ ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కొట్టిన ఆ మట్టికోటలో ఇప్పుడు చూడ్డానికి మిగిలింది లేదు, స్మారక స్తూపం ఉంది. నివాళికి వెళ్లండి. కోట చూస్తామనుకుని వెళ్తే నిరాశే.

ఎవరితో వెళ్తున్నారు?

పదేళ్ల లోపు పిల్లలైతే గోల్కొండ. కుక్క సంగతి, మందుపాతర సంగతి చెబుతూ తిప్పితే అలిసిపోయిన సంగతి కూడా మరిచిపోతారు. అమ్మానాన్నలతో అయితే వరంగల్, బీదర్. చదునైన నేల, బండి చాలాదూరం వెళ్తుంది. చరిత్ర చదివే కాలేజీ పిల్లలు నలుగురు కలిస్తే దౌలతాబాద్‌కే డబ్బులు దాచుకోమంటాను. విదేశాల నుంచి సెలవుకు వచ్చి ఒకటి రెండు రోజులే దొరికినవాళ్లు వరంగల్, గోల్కొండ చూసుకుంటే చాలు. మూడున్నర శతాబ్దాల యుద్ధవిద్య ఆ రెంటి మధ్య దొరుకుతుంది.

గైడ్ కావాలా అంటే గోల్కొండలో, దౌలతాబాద్‌లో మంచివాళ్లు ఉన్నారు. మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, రాణుల మహళ్లు, చప్పట్ల శబ్దం తక్కువ చూపించి, గుమ్మాలు, బురుజులు, కందకాలు, నీళ్ల ఏర్పాట్లు ఎక్కువ చూపించమని. మామూలు రూటు కాదు కాబట్టి ముందే రేటు కుదుర్చుకోండి. వరంగల్‌లో మట్టికోట వైపు మీరే నడవాలి. శాటిలైట్ మ్యాప్, మంచి బూట్లు ఉంటే చాలు. బురుజుల అంచులకు వెళ్లకండి, పైరాళ్లు చాలాచోట్ల వదులై ఉన్నాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికీ అనువైన కాలం. కందకాల్లో నీళ్లు చూడాలంటే మాత్రం వానలు వెనకపట్టిన అక్టోబర్‌లో వరంగల్ వెళ్లండి.